ఊడుస్తూ పాడిన పాట

స్ట్రామ్‌నెస్ రేవు, ఆర్క్నీ దీవులు
మార్చి 4, 1899

ఎడింబరోలోని మైనపు పాటల కంపెనీ వారికి,

చేపల కొట్టులో పనిచేసే ఇసబెల్ ఫ్లెట్ దండాలు. మీరు పాట పట్టి పంపిన మైనపు గొట్టం భద్రంగా చేరింది. పెట్టె మీద ఎవరో పెద్ద గాయకుడి పేరుంది. యంత్రంలో పెడితే మాత్రం ఒక ఆడమనిషి, చీపురు చప్పుడుతో సహా, పడవ పాట అందుకుంది. నడుమ, "కాళ్ళెత్తు గావిన్, కిందంతా మైనం పొట్టే" అంది. మొగుడి పడవ మునిగినప్పటి నుంచి నవ్వు మరిచిన మా అక్క మార్గెట్ పొట్ట పట్టుకుని నవ్వింది. మీ మేలు మరువం.

ఇట్లు, ఇసబెల్

తా.క. గావిన్ కాళ్ళెత్తాడా? ఇక్కడ అందరూ అడుగుతున్నారు.

ఎడింబరో, మార్చి 11

ఇసబెల్ ఫ్లెట్ గారికి,

తమ ఫిర్యాదు అందింది. మా గాయకుడు టీకి వెళ్ళినప్పుడు యంత్రం ఆగకపోవడం వల్ల ఈ పొరపాటు జరిగింది. ఊడ్చే మనిషిని యజమాని నిన్ననే పనిలోంచి తీసేశారు. అసలు గాయకుడి గొట్టం పంపుతున్నాం. చెడ్డదాన్ని తిప్పి పంపగలరు.

విధేయుడు, జి. ప్రింగిల్, గుమాస్తా

తా.క. ఎత్తాడు.

స్ట్రామ్‌నెస్, మార్చి 18

ప్రింగిల్ గారూ,

ఫిర్యాదు ఎవరు చేశారయ్యా? నేను దండం పెడితే చెయ్యెత్తానని అనుకున్నారా? నా మెప్పు ఒకామె నోటికాడి కూడు తీసిందని తెలిసి మార్గెట్ మళ్ళీ మూతి బిగించుకుంది. మా కొట్టులో నలభై ఒక్క మందిమి సంతకాలు చేసి పంపుతున్నాం. తలా ఒక గొట్టం, అందరికీ ఆమె పాటే కావాలి. యంత్రం ఒక్కటే, వంతులేసుకుంటాం. ఆమెను వెనక్కి పిలిపించండి. ఆమెకో పేరుంటుంది కదా, అది రాయండి. ఆమెను తీసేస్తుంటే మీరేమన్నారో అదీ రాయండి.

ఇట్లు, కోపంగా, ఇసబెల్

తా.క. మీ గాయకుడి పాట పెట్టాం. కుక్క లేచి వానలోకి పోయింది.

ఎడింబరో, ఏప్రిల్ 2

ఇసబెల్ గారికి,

మీ కాగితం యజమాని రెండుసార్లు చదివి, "ఆమెను పిలు" అన్నారు. పాట పట్టే యంత్రం బాకా ముందు నిలబెడితే ఆమెకు గొంతు పెగల్లేదు. చేతికి చీపురిచ్చాక పాడింది. ఒక్కసారి పాడితే ఒక్క గొట్టమే కాబట్టి, నాలుగు రోజుల్లో నలభై ఒక్క సార్లు పాడింది. ఇప్పుడామె మా కంపెనీ గాయని.

ఆమె పేరు జానెట్ ప్రింగిల్. మా అమ్మ. యంత్రం ఆపడం మరిచింది నేను. ఆమెను పంపేస్తుంటే నేనేమీ అనలేదు. ఊడ్చే మనిషి కొడుకునని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆమె కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి, "నీ ఉద్యోగం నిలిచింది కదరా, జావ తాగు" అంది. మీ ఉత్తరం వచ్చాక యజమాని ముందు నిజం చెప్పాను. ఆ ధైర్యం మీరు పెట్టిన భిక్ష.

జానెట్ కొడుకు, గావిన్

తా.క. ముప్పై ఏడో గొట్టం చివర ఎవరో ముక్కు చీదిన చప్పుడుంది. లోపమని తిప్పి పంపకండి.