తొమ్మిదో మడి

నా కూతురు క్రిస్టీనా మా ఉప్పుమడుల బొమ్మ నీటిరంగులతో వేసి, తొమ్మిదో మడికి రంగు వేయకుండా వదిలేసింది. ఎందుకో మూడేళ్ళయినా నాకు చెప్పలేదు. ముందు ఆ మాట రాయించి, తర్వాత ఆస్తి రాయిస్తున్నాను.

ఉప్పలగుప్తం మండలంలో కాపురమున్న నేలపూడి నతానియేలు అను నేను, వయస్సు డెబ్బై ఒకటి, తెలివి తిన్నగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. నాకు సంతకం మట్టుకే వచ్చు. రాస్తున్నది ఆదినారాయణ గారు. “ఇలాంటివి దస్తావేజులో ఉండకూడదండీ” అంటున్నారు. ఆస్తి నాది, మాట నాది, రాయండి అన్నాను.

1. మడుల భూమి ఎకరం ఇరవై సెంట్లు, గట్లతో సహా, నా తదనంతరం నా కొడుకు సాల్మనుకు సర్వహక్కులతో చెందవలెను. రొయ్యల చెరువుకు ఇచ్చేస్తాడని తెలుసు. నేను కన్ను మూసేదాకా ఆగాలి. ఈ వీలునామా అమలు జరిపించవలసినవాడు కూడా వాడే. బద్ధకించకూడదు.

2. పెంకుటిల్లు ఇద్దరికీ చెరి సగం.

3. ఉప్పు లాగే చెక్కపలక క్రిస్టీనాకు. దాని పిడి వాళ్ళమ్మ సరోజిని చేతిలో అరిగి నున్నబడింది. నేను పట్టుకుంటే జారిపోతుంది.

4. బొమ్మ సంగతి. అమలాపురంలో క్రిస్టీనా బొమ్మలు గోడలకు పెట్టిన రోజు నేనూ వెళ్ళాను. “గళ్ళ లుంగీలా ఉందండీ, ఏంటిది?” అన్నారు చూసినవాళ్ళు. “ఏమీ కాదండీ, ఉత్త రంగులే” అంది. నా ముందా ఆ మాట? మొదటి మడి పాచి పచ్చ. నీళ్ళు చిక్కబడ్డకొద్దీ పసుపు, ఆపైన మాంసం కడిగిన నీళ్ళ రంగు. వరసగా పదకొండు లెక్కపెట్టాను. తొమ్మిదోది ఉత్త కాగితం. తొంభై ఆరు తుపానులో సరోజిని శవమై దొరికింది ఆ మడిలోనే. కొనడానికి వచ్చినాయన్ని పక్కకు నెట్టి బొమ్మ ఇంటికి తెచ్చేసుకున్నాను. క్రిస్టీనా వద్దనలేదు. తిరిగి ఇమ్మనీ అనలేదు.

5. తుపాను నాడు నాకు జ్వరమని, అందుకే సరోజిని ఒక్కతే మడులకు వెళ్ళిందని ఊరందరికీ చెప్పాను. జ్వరం లేదు. ఉప్పుకుప్ప మీద తాటాకు ఎగిరిపోతోందని కబురొచ్చింది. “గాలి చూశారా? ఉప్పు పోతే పోనివ్వండి” అంది. “నిన్న కప్పింది నువ్వే కదా, నువ్వే పోయి చూసుకో” అన్నాను. ఇక్కడ ఆదినారాయణ గారు కలం ఆపేరు. ఇదీ రాయండి అన్నాను.

6. క్రిస్టీనా, అప్పుడు నువ్వు వసారాలో బట్టలు మడతపెడుతున్నావు. ఆ మాట నీ చెవిన పడిందా? పడే ఆ మడి వదిలేశావా? పలకా, సగం ఇల్లూ నీకెలాగూ వస్తాయి, వాటికీ దీనికీ ముడి లేదు. బొమ్మ మాత్రం నువ్వు జవాబు చెప్తేనే నీది. లేకపోతే పెట్టెలో నా గుండెల మీద పెట్టి పూడ్చెయ్యండి. వీలునామా నేను పోయాక చదివేది, అప్పుడు జవాబు నాకెందుకు? అందుకని దీని నకలు ఈవేళే సాల్మను చేత నీకు పంపుతున్నాను. వచ్చే నవంబరు ఆరో తేదీ, మీ అమ్మ పోయిన రోజు, పొద్దు గుంకేలోగా ఇంటికి రా. నేను వసారాలోనే కూర్చుంటాను. విన్నావో లేదో చెప్పు.

తేది: 12-10-2004
(సంతకం) నేలపూడి నతానియేలు

సాక్షులు:
1. పితాని సత్తిబాబు
2. నేలపూడి అన్నపూర్ణ

దస్తూరి: ఆదినారాయణ