ట్రైలర్ ఖాళీగానే ఉంది

జూన్ 9, సోమవారం

ఈరోజు అక్కకి అబద్ధం చెప్పాను.

పొద్దున ఏడున్నరకి ఫోన్ చేసింది. బావకి ఒక పెద్ద ఫారంలో దున్నకం పని దొరికిందట. రెండు నెలల పని. ఇక్కడి నుంచి రెండు వందల పది కిలోమీటర్లు. శుక్రవారం మధ్యాహ్నంలోపు ట్రాక్టర్ అక్కడ ఉండాలట. నీ లారీ ట్రైలర్ మీద దింపి వస్తావా అని అడిగింది. అడిగింది అక్క. బావ కాదు. వెనకాల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

ట్రైలర్ చక్రం హబ్ బేరింగ్ పోయింది, పది రోజులు పడుతుంది అన్నాను. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. అయ్యో, అయితే నీ పని కూడా ఆగిపోయిందన్నమాట అని అక్క నామీద జాలిపడింది.

ట్రైలర్ షెడ్డులో ఉంది. బేరింగ్‌కి ఏమీ కాలేదు. ఈ వారం నాకు లోడ్ కూడా లేదు.

జూన్ 9, సాయంత్రం

కారణం కూడా రాసేస్తాను. ఇప్పుడే రాయకపోతే రేపటికి ఇంతకంటే గొప్ప కారణం ఏదో కల్పించుకుంటాను.

మార్చిలో అక్క వాళ్ల చిన్నమ్మాయి పుట్టినరోజుకి లోడ్ దింపి నేరుగా ట్రైలర్‌తోనే వెళ్లాను. వాళ్ల సందులో రివర్స్ చేస్తుంటే ట్రైలర్ మడతపడి వీధికి అడ్డంగా ఇరుక్కుపోయింది. అరగంట. అటూ ఇటూ బళ్లు ఆగిపోయాయి. బావ మెట్ల మీద నిలబడి, మా బామ్మర్దికి ముందుకు పోవడం రాదు, వెనక్కి రావడం రాదు, అడ్డంగా నిలబడటంలో మాత్రం డిగ్రీ చేశాడు అన్నాడు. వచ్చినవాళ్లంతా నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. కేకు తిన్నాను. పద్దెనిమిదేళ్లుగా ట్రైలర్ లాగుతున్నాను. ఒక్కరోజు స్టీరింగ్ అటు తిప్పాల్సింది ఇటు తిప్పాను.

ఇంతకంటే పెద్ద కారణం లేదు. ఉంటే బాగుండేది.

జూన్ 10, మంగళవారం

ట్రైలర్ చక్రం ఒకటి విప్పేశాను. ఎవరైనా వచ్చి చూసినా మాట నిలబడాలి కదా. పక్క షాపు మెకానిక్ వచ్చాడు. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ స్పానర్ అంటారు. బేరింగ్ చేత్తో తిప్పి చూసి, ఇది ఇంకో లక్ష కిలోమీటర్లు తిరుగుతుంది కదన్నా, ఎందుకు విప్పావు అన్నాడు. గ్రీజు పెడదామని అన్నాను.

ఒక అబద్ధానికి ఇంకొకటి స్టెప్నీ.

జూన్ 11, బుధవారం

అక్క మళ్లీ ఫోన్ చేసింది. సీజన్ కావడంతో ఎవరి ట్రైలరూ ఖాళీ లేదట. బావ ట్రాక్టర్‌ని రోడ్డు మీదే తోలుకుపోతానన్నాడట. రేపు తెల్లారగానే బయల్దేరతాడట. సాయంత్రం దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగి, శుక్రవారం మధ్యాహ్నానికి చేరతాడట. టైర్లలో గాలి పెంచాడు, సీటు మీద దిండు కట్టుకున్నాడు, వెనక ఎర్ర గుడ్డ కట్టాడు అని ఒక్కొక్కటీ చెప్పింది. పిల్లాణ్ణి మొదటిసారి బడికి పంపుతున్నట్టు.

ట్రాక్టర్ మీద రెండు వందల పది అంటే ఏమిటో నాకు తెలుసు. దానికి స్ప్రింగులుండవు. గుంతలన్నీ నేరుగా వెన్నెముకలోకి ఎక్కుతాయి. పాతిక దాటితే ముందు చక్రాలు గెంతుతాయి. మట్టిలో తిరగాల్సిన టైరు తారు మీద వేడెక్కి అరిగిపోతుంది. వెనక బస్సువాళ్లు హారన్ కొట్టి కొట్టి చచ్చినా ఇంజన్ మోతలో వినపడదు. అదే ట్రైలర్ మీదైతే నాలుగు గొలుసులు, నాలుగు చెక్క దిమ్మలు, ఐదు గంటలు. క్యాబిన్‌లో పాటలు వింటూ పోవచ్చు.

ఇవన్నీ అక్కకి చెప్పలేదు. జాగ్రత్తగా పొమ్మను అన్నాను.

జూన్ 12, గురువారం, పొద్దున 6

బావ బయల్దేరి ఉంటాడు.

జూన్ 12, మధ్యాహ్నం

అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. బ్రేకులు.

ట్రాక్టర్‌కి కుడివైపు రెండు బ్రేక్ పెడళ్లుంటాయి. ఒక్కో వెనక చక్రానికి ఒక్కోటి. దుక్కిలో మలుపు దగ్గర ఒకటే తొక్కితే ఆ పక్క చక్రం ఆగి బండి ఉన్నచోటే తిరుగుతుంది. రోడ్డెక్కినప్పుడు మాత్రం రెండింటినీ కొక్కెంతో కలిపేయాలి. కలపకుండా స్పీడులో ఒక్కదాని మీద కాలు పడిందా, బండి ఆ పక్కకి లాగేసి పడేస్తుంది. ఏ ట్రాక్టర్ ఎక్కించినా నేను మొదట చూసేది ఆ కొక్కెమే. బావ ఇన్నేళ్లలో పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి పొలానికి తప్ప పోలేదు. అది ఉందన్న సంగతే మర్చిపోయి ఉంటాడు.

ఫోన్ తీశాను. చేస్తే మాటలు మొదలవుతాయి. బేరింగ్ ఎంతవరకు వచ్చింది అంటాడు. ఎక్కడ ఇచ్చావు అంటాడు. నా గొంతు ఆయన ఇట్టే పట్టేస్తాడు. ఆయనకి తెలీదా ఏంటి, నాకంటే పదేళ్లు పెద్ద అనుకున్నాను. ఫోన్ పక్కన పెట్టి పెరుగు కలుపుకున్నాను.

సాయంత్రం చేద్దాం.

జూన్ 12, సాయంత్రం

చేయలేదు. అక్క మెసేజ్ పెట్టింది. నూట ముప్పై వచ్చాడట. బంకువాళ్లు పడుకోవడానికి చోటిచ్చారట. నడుం పట్టేసిందట గానీ హుషారుగానే ఉన్నాడట. చూశావా, ఏం కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకా ఎనభై ఉంది.

జూన్ 13, శుక్రవారం

బావ ట్రాక్టర్ బోల్తా పడింది.

జూన్ 14, శనివారం, ఆసుపత్రి బెంచీ మీద

నిన్నటిది వరసగా రాస్తాను.

ఎనిమిదిన్నరకి అక్క ఫోన్. వంతెన దాటాక దిగుడు ఉందట. ముందు పోతున్న బస్సు హఠాత్తుగా ఆగిందట. బావ బ్రేక్ తొక్కాడు. బండి ఎడమకి గుంజుకుపోయి రోడ్డు పక్క కాలువలో పడింది. ఎడమకాలు మడ్‌గార్డు కింద ఇరుక్కుంది. పాల వ్యాన్‌వాళ్లు జాకీ పెట్టి లాగారట. అక్క ఏడవడం లేదు. చెప్పిందే మళ్లీ చెబుతోంది. బండి ఏదైనా చూడు, నన్ను తీసుకెళ్లు అంది.

నేనూ స్పానరూ కలిసి చక్రం బిగించాం. పది రోజులు పడుతుందన్న బేరింగ్ నలభై నిమిషాల్లో బాగైపోయింది. స్పానర్ ఒక్క మాట అడగలేదు. క్రేన్ వాడితో మాట్లాడి ఆదివారం అక్కడికి వస్తానన్నాడు. అంతే.

అక్కని క్యాబిన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని నూట డెబ్బై కిలోమీటర్లు పోయాను. వెనక ఖాళీ ట్రైలర్ గుంత గుంతకీ గలగలమంటూనే ఉంది. లోడ్ ఉంటే అంత మోత రాదు. సగం దారిలో అక్క, బేరింగ్ ఎప్పుడొచ్చింది అని అడిగింది. ఈ పొద్దునే అన్నాను. ఒక్కరోజు ముందొచ్చి ఉంటే అంది. నాతో కాదు. అద్దంలోంచి రోడ్డుని చూస్తూ అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. లారీ ఆపి, దిగి, చెప్పి ఉండాల్సింది. గేరు మార్చాను.

బావకి మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. మడమ నుజ్జయింది. ఈ పొద్దున ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. కర్ర పట్టుకుని నడుస్తాడు, కానీ ఆ కాలితో గట్టిగా తొక్కే పని ఇక కుదరదు అని డాక్టర్ అన్నాడు. ఎడమకాలు. క్లచ్ కాలు.

మత్తు దిగాక బావ మొదట అడిగింది ట్రాక్టర్ గురించే. రెండోది, నీ బేరింగ్ బాగైందా బామ్మర్దీ అని.

జూన్ 15, ఆదివారం

క్రేన్‌తో ట్రాక్టర్ పైకి తీశాం. ముందు ఆక్సిల్ వంగింది. స్టీరింగ్ కోడిగుడ్డులా అయింది. దిండు ఇంకా సీటుకి కట్టే ఉంది.

అందరూ ఆక్సిల్ చూస్తుంటే నేను కిందికి వంగి పెడళ్లు చూశాను. కొక్కెం పక్కకి వేలాడుతోంది. దాని మీద ఏళ్లనాటి మట్టి. ఎవరూ ముట్టుకోలేదు.

చేత్తో మట్టి గీకి, తిప్పి, రెండు పెడళ్లనీ కలిపేశాను. టక్ మంది. తల ఎత్తితే స్పానర్ నిలబడి ఉన్నాడు. ఇప్పుడెందుకన్నా అన్నాడు.

బావ అజాగ్రత్త అని ఎవరూ అనకూడదనే వేశానని అనుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి అది కూడా నిజమో కాదో తెలీలేదు.

జూన్ 18

అక్క అందరికీ ఫోన్లు చేసి నన్ను పొగుడుతోంది. సొంత పని మానుకుని వచ్చాడు, కొడుకైనా ఇంత చేయడు అంటోంది. పక్క మంచం ముసలాయన ఈరోజు నా చేయి పట్టుకుని, తమ్ముడంటే నీలా ఉండాలయ్యా అన్నాడు. కాఫీ తెస్తానని బయటికొచ్చేశాను. తేలేదు.

జూన్ 22

మా ఆవిడకి చెప్పాను. నేను ఆరోజు నవ్వకుండా ఉండాల్సింది అంది. ఆమెని కూడా ఇందులోకి లాగేశాను.

జూన్ 25, బుధవారం

చెప్పేశాను.

ఆసుపత్రిలో అక్క మంచం మీద దుప్పటి మారుస్తోంది. బావ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నిలబడే చెప్పాను. బేరింగ్ పోలేదని, ట్రైలర్ ఖాళీగానే ఉందని, చక్రం నేనే విప్పానని. గురువారం మధ్యాహ్నం కొక్కెం గుర్తొచ్చిందని, ఫోన్ చేతిలో పట్టుకుని కూడా చేయలేదని. పుట్టినరోజు మాట కూడా చెప్పాను. బయటికి అనేసరికి అది ఎంత చిన్నగా వినపడిందో. ఒక మనిషి విరిగిన కాలు ఎదుట పెట్టాల్సిన కారణమా అది.

బావ కాలి కట్టు సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, అడగాల్సింది నేను అన్నాడు. ఆరోజు కేకు తినేటప్పుడు నీ మొహం చూశాను, మాట జారాను అని చెప్పడం చేతకాక మీ అక్కతో అడిగించాను అన్నాడు. కొక్కెం సంగతి మాత్రం నువ్వు చెప్పినా నవ్వి ఊరుకునేవాణ్ణేమో అన్నాడు. ఆ చివరి మాట నాకోసం అన్నాడని అర్థమైంది. నవ్వి ఊరుకున్నా, దారిలో ఎక్కడో ఒకచోట ఆపి వేసుకునేవాడే. నాకు తెలుసు.

అక్క చేతిలోని దుప్పటి మంచం మీద పడేసింది.

"నీ బేరింగ్ పోయిందని నేను బాధపడ్డాను కదరా" అంది.

ఇంకేదో తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. మీ ఇద్దరి పౌరుషాలకీ మధ్య నేను పోస్ట్‌మ్యాన్‌ని అంది. ఆ రోజు నాలుగు గంటలు నీ పక్కనే కూర్చున్నాను అంది. ఇక వెళ్లు అంది.

వచ్చేశాను. చెబితే గుండె బరువు దిగుతుందంటారు. దిగలేదు. అక్కకి ఎక్కించి వచ్చాను.

జూన్ 29

అక్క ఫోన్ ఎత్తలేదు.

జూలై 2

ఎత్తలేదు.

జూలై 5, శనివారం

స్పానర్ తన షాపులో ట్రాక్టర్ నిలబెట్టేశాడు. కొత్త ఆక్సిల్, వేరే స్టీరింగ్. ఫారం ఆసామితో మాట్లాడాను. పని సగం వేరేవాళ్లకి ఇచ్చేశాడట. మిగతా సగం ఆగస్టు దాకా ఉంది, మనిషి వస్తే ఇస్తానన్నాడు. బావకి ఫోన్ చేసి, నీ బదులు నేను దున్నుతాను, పని నీ పేరు మీదే ఉంటుంది అన్నాను. నీకు దున్నడం వచ్చా అన్నాడు. రాదు అన్నాను. అయితే సరే అన్నాడు.

ట్రాక్టర్‌ని రోడ్డు మీదే తోలుకుపోతానని స్పానర్‌తో అన్నాను. బావ పోయిన దారినే, దిండు కూడా లేకుండా. అతను చేతులు తుడుచుకుంటూ నన్ను కిందా మీదా చూశాడు.

"నీ నడుం విరిగితే ఆయన కాలు అతుక్కుంటుందా అన్నా? ట్రైలర్ ఉన్నది దేనికి?"

జూలై 7, సోమవారం

ట్రైలర్ మీదే తెచ్చాను. నాలుగు గొలుసులు, నాలుగు దిమ్మలు. ఐదు గంటల పది నిమిషాలు. వంతెన దాటాక దిగుడులో స్పీడు తగ్గించాను. కాలువ గట్టు మీద మట్టి ఇంకా చెదిరే ఉంది. వెనకవాడు హారన్ కొట్టాడు. ఇంత సుఖంగా వచ్చే దారి ఇది.

జూలై 9

నేను దున్నిన చాళ్లు చూసి ఆసామి, ఇది పొలమా, జిలేబీయా అన్నాడు. బావకి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. నాగలి చూడకు, చెట్టునో స్తంభాన్నో గురి పెట్టుకుని ముందుకి చూడు, వెనక్కి తిరిగావా వంకర పోతుంది అన్నాడు. గంటసేపు చెప్పాడు. మలుపులు, లోతు, ఏ గేరు. మధ్యలో అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. అక్కకి ఇవ్వమని అడగలేదు.

జూలై 13

వీపంతా పచ్చిపుండు. బావ ఇరవయ్యేళ్లు ఈ సీటు మీదే కూర్చున్నాడు. ఇద్దరు పిల్లల చదువులూ ఈ సీటు మీదే.

జూలై 16

చాళ్లు కొంచెం నిటారుగా వస్తున్నాయి. బాగున్నాయని అనుకోగానే సిగ్గేసింది.

జూలై 19, శనివారం

పొద్దున పదకొండుకి దున్నుతుంటే ఫోన్. అక్క నంబరు. హలో అన్నాను, అక్కా అన్నాను, బావా అన్నాను. పలకలేదు. ఇంజన్ ఆపబోయి ఆపలేదు. ఫోన్ అలాగే చొక్కా జేబులో పెట్టుకుని చాలు చివరిదాకా పోయి, తిప్పుకుని, మళ్లీ ఈ చివరికి వచ్చాను. తీసి చూశాను. ఇరవై రెండు నిమిషాలు. అటు ఎవరున్నారో తెలీదు గానీ, ఇంకా పెట్టేయలేదు.