పంపు తప్పేమీ లేదు

రూతూ,

ముప్పై ఏళ్ళు రైల్వే సిగ్నళ్ళు బాగుచేసినవాణ్ణి, కరెంటు అందుతోందో లేదో చూడకుండానే కారులోని పెట్రోలు పంపును ఎలా నిందించగలిగాను?

కారు తాళం పిండి డబ్బా మీద ఉంది. మధ్యాహ్నం హిజ్లీకి నిశ్చింతగా వెళ్ళు, దారిలో ఆగిపోదు.

ఉదయం మీటరు పెట్టి చూశాను. పంపుకు కరెంటు ఇచ్చే కంట్రోల్ మాడ్యూలు వేడెక్కగానే ఆగిపోతోంది. మార్చేశాను. మీ తమ్ముడు హెన్రీ వేసిన కొత్త పంపులో ఏ లోపమూ లేదు. "పంపు మంచిదే బావా, కరెంటు సూడు" అని, కారు మళ్ళీ ఆగిన రోజే అతడు అన్నాడు. "సిగ్నలోడికి కరెంటు నేర్పుతున్నావేటి?" అన్నాను. కార్యకారణాల మీద ఇన్ని పుస్తకాలు చదివినందుకు దక్కిన జ్ఞానం అది.

మొన్న చర్చిలో వందనాలు చెప్పుకునే వేళ అతడు చేయి చాస్తే, నేను పాటల పుస్తకంలో పేజీ వెతికాను. అప్పటి నుంచి నువ్వు మాట్లాడటం లేదు. దానికి కారణం మీటరు లేకుండానే తెలిసింది.

వచ్చే ఆదివారం చేయి కలుపుదామనుకున్నాను. కానీ అక్కడ అందరూ కలుపుతారు. అది క్షమాపణ కాదు. గోల్‌బజార్‌లో అతడి రిపేరు షెడ్డుకే వెళ్తున్నాను.

తా.క. పాత మాడ్యూలు జేబులో పెట్టుకున్నాను. పనివాళ్ళ ముందు హెన్రీ నవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. సైకిలు బయటికి తీశాను.