ఇసుక లెక్క తరలింపును ఆపండి

బాబాయికి,

నమస్కారాలు. మీ సర్వర్ల గదిలోకి ఫోను రానివ్వరు, మెయిలు ఎవరూ చూడరు. అందుకని రెండంతస్తుల పైనుంచి కాగితం మీద రాస్తున్నాను. పాత సర్వర్లో నాకిచ్చిన వాటాను, అదే ఆ వర్చువల్ మెషిన్‌ను, కొత్త సర్వర్‌కు తరలిస్తున్నారట. దయచేసి రద్దు చేయించు. నదిలో ఇసుక ఎటు కొట్టుకుపోతుందో తేల్చే నా లెక్క అందులో ఏడాదిగా ఆగకుండా నడుస్తోంది. రేపటితో పూర్తవుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత సర్వర్‌కే ముడిపడి ఉంది. కొత్తచోట కళ్లు తెరిస్తే, తననెవరో దొంగిలించారనుకుని లెక్కంతా చెరిపేస్తుంది. అది పోతే నా డాక్టరేటు పోయినట్టే.

నీ అన్నకూతురు

తా.క.: పిన్ని అడిగితే పెళ్లి గురించి ఆలోచిస్తున్నానని చెప్పు. ఈ లెక్క తేలేదాకా అంతకన్నా మంచి అబద్ధం ఆడే ఓపిక లేదు.

*

అమ్మడూ,

దీవెనలు. నీ చీటీని అర్జీల పెట్టెలో వేశాను. తరలింపు ఆగింది. కానీ ఒక మాట. నీ మెషిన్‌ను ముందు వరసలో పెట్టించడానికి ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డానో నీకేం తెలుసు? కొత్త సర్వర్ మొహమైనా చూడకుండా వద్దన్నావు. సొంతవాళ్లకు మేలు చేయబోతే ఇలాగే ఉంటుంది.

నీ మేలు కోరి భంగపడ్డ బాబాయి

తా.క.: కొత్త సర్వర్ గది ఎంత చల్లగా ఉందంటే, మా ఇన్‌ఛార్జిగారు కునుకు తీయడానికి రోజూ అక్కడికే వస్తున్నారు.

*

బాబాయీ,

కొంప మునిగింది. నీ ఉత్తరం అందేలోపు మనసాగక ఇంకో రద్దు అర్జీ కింద మీ అర్జీల కిటికీలో ఇచ్చి వచ్చాను. అప్పటినుంచి తరలింపు మళ్లీ పరుగందుకుంది. ఎంత తరలిందో చూపే గీత తెరమీద చివరిదాకా వచ్చేస్తోంది. కూర్చోలేను, నిలబడలేను. కోపముంటే నన్ను తిట్టు, నా లెక్క మీద చూపించకు. ఇది మూడో అర్జీ అనుకో, కన్నీళ్లు అనుకో, ఎలాగైనా రద్దు చేయించు.

దిక్కుతోచని నీ అమ్మడు

తా.క.: మా గైడు వచ్చి ధైర్యం చెప్పారు. పోతే మళ్లీ మొదలుపెట్టవచ్చట, ఏడాదే కదా అన్నారు. రిటైరు కాబోయే మనిషికి ఎంత నిబ్బరమో.

*

అమ్మడూ,

ఒట్టు, నాకు కోపమేమీ లేదు. ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. ఇక్కడి పద్ధతి ప్రకారం ఒకే పనికి రెండో రద్దు అర్జీ వస్తే, మొదటి రద్దును వెనక్కి తీసుకున్నట్టట. ఆ నియమం పెట్టింది మా ఇన్‌ఛార్జిగారే. అంటే రెండో అర్జీతో తరలింపును మళ్లీ నువ్వే మొదలుపెట్టించావు. నీ మూడోది అందగానే మళ్లీ ఆగింది, కానీ గీత అంచున ఉంది. ఇక కలం ముట్టుకోకు తల్లీ. రేపు గడిస్తే గట్టెక్కినట్టే.

నీ బాబాయి

తా.క.: థాంక్స్ అని కూడా రాయకు. మావాళ్లు దేన్ని అర్జీ అనుకుంటారో నేను చెప్పలేను.

*

అమ్మడూ,

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. ఒక్క ముక్క రాయలేదు. నోరు కట్టుకోలేకపోయింది నేను. పొద్దున నీ గోడంతా ఇన్‌ఛార్జిగారితో చెప్పాను. ఏడాది కష్టమని, పిల్లకు తిండీ నిద్రా లేవని ఊరికే చెప్పుకున్నాను, ఏమీ చేయమని అడగలేదు. ఆయన మనసు కరిగిపోయింది. “నేనుండగా మన పిల్లకు ఇంత కష్టమేమిటయ్యా” అంటూ స్వయంగా కాగితం అందుకుని, తరలింపు వెంటనే రద్దు చేయవలెనని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి, తన చేత్తోనే పెట్టెలో వేశారు. నేను అడ్డం పడేలోపే అయిపోయింది. అది నాలుగోది.

ఐదోది రాయడానికి కాగితం వెతుక్కుంటుండగానే నీ మెషిన్ కొత్త సర్వర్లో కళ్లు తెరిచింది. నా కళ్లముందే అంతా చెరిగిపోయింది తల్లీ. పైకి రావడానికి నాకు మొహం చెల్లడం లేదు.

నీ పాపిష్టి బాబాయి

తా.క.: ఇంత సాయం చేసినా నీ దగ్గర్నుంచి థాంక్స్ చీటీ రాలేదని ఇన్‌ఛార్జిగారు చిన్నబుచ్చుకున్నారు. ఇప్పుడు రాయవచ్చు. ఇక ఆగడానికి ఏమీ మిగల్లేదు.