చింతచెట్టు నీడలో పెరిగిన గడ్డి

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బతికున్నప్పుడే నీకు చదువు రాదు, ఇక ఈ ఉత్తరం చదివేదెవరు? అయినా తప్పు చేసింది నేను, చెప్పుకోవాల్సింది నీకే.

కర్నూలులో ఆఫీసరు బంగళాకు తోటమాలివై, ముందున్న చింతచెట్టు కింద గడ్డి పెంచడానికి ఆరేళ్లు తిప్పలు పడ్డావు. కాలువగట్టు గరిక ఆ నీడకు పాలిపోయి చచ్చింది. పాతబావి లోపలి అంచున పెరిగే వెడల్పాకు గడ్డిని వేళ్లతో సహా పెకలించి తెచ్చావు. "నీడలో పుట్టిందే నీడలో బతుకుతాదమ్మా" అన్నావు. బతికింది. ఇంకాస్త వెలుతురు కోసం రెండు కొమ్మలు కొట్టించమని నాచేత అర్జీ రాయించావు. అప్పటి ఆఫీసరు ఒప్పుకోలేదు.

రాజధాని ఇక్కణ్ణుంచి హైదరాబాదుకు తరలిపోయాక కొత్తాయన వచ్చాడు. నీ కోరిక తీరుద్దామని అదే అర్జీ మళ్లీ ఇచ్చాను. మంచివాడే. "మీ నాన్న గడ్డికి ఎండ బాగా తగలాలి. రెండు కొమ్మలెందుకు, చెట్టే కొట్టించేస్తాను" అన్నాడు. వద్దనకుండా దణ్ణం పెట్టి వచ్చేశాను.

చెట్టు కొట్టేసిన వారం తిరక్కుండా గడ్డంతా మాడిపోయింది. "ఇన్ని నీళ్లు పోస్తాండా, ఒక్క పోచన్నా తలెత్తలేదే" అంటూ అమ్మ ఇంకా కడవలు మోస్తూనే ఉంది.

గోడవార నీడలో గుప్పెడు మిగిలింది. పొద్దున దాన్ని తడిగుడ్డలో చుట్టుకొని నీ సమాధి దగ్గరికి వెళ్లాను. నాటడానికి మట్టి కూడా తవ్వాను. అప్పుడు తల ఎత్తి చూశాను.

అక్కడా నీడ లేదు, నాయనా.