పుత్తూరు వసారాలో నా ఇంగ్లీషు

పుత్తూరు, 11-7-2025

చి. రాజశ్రీకి అవ్వ యశోదమ్మ ఆశీస్సులు. ఆసుపత్రి విచారణ కౌంటరులో ఇంగ్లీషు మాట్లాడలేక సోమవారం నుంచి ఉద్యోగం మానేస్తానని నిన్న ఫోన్లో ఏడ్చావు. అందుకే ఈ కార్డు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా నాయన ఈ ఇంటి వసారాలోనే విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. ఆ ఆకుపసరు, కోడిగుడ్డు సొన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒకరోజు బొంబాయి నుంచి తెలుగు రాని ఒకాయన చెయ్యి విరిగి వచ్చాడు. నాయనకేమో ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషులో క్లాసుకు నేనే ఫస్టు. అయినా వాక్యం మనసులో కూర్చుకుంటూ నిలబడిపోయాను.

"ఏమ్మే, పరీక్ష రాస్తా ఉండావా? ఆయప్ప నొప్పికి అల్లాడతా ఉండాడు. నోరు తెరిసి అడుగు!" అని నాయన అరిచాడు.

"పెయిన్ వేర్?" అన్నాను. ఆయన నా తప్పు దిద్దలేదు, మోచెయ్యి చూపించాడు. నాయన వెంటనే పని మొదలుపెట్టాడు. నీ దగ్గరికి వచ్చేవాళ్లకూ ఎక్స్‌రే గది ఎక్కడో తెలిస్తే చాలు.

చింతకాయ తొక్కు మిగిలిందా, హాస్టలంతా పంచేశావా? సీసా కడిగి తీసుకురా.

ఇక జరగవలసినవి:
1. సోమవారం తప్పక కౌంటరుకు పో.
2. జనం రోజూ అడిగే పది ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబులు రాసుకో. జడ వేసుకుంటూ పైకి చదువు.
3. అర్థం కాకపోతే తల ఊపవద్దు. మళ్లీ చెప్పమని ఇంగ్లీషులోనే అడుగు.
4. వారంలో ఎన్ని తప్పులు మాట్లాడావో లెక్క రాసి, ఆ వారం చివర ఆదివారం నాకు చూపించు. పదికి తగ్గితే నోరు తెరవలేదనుకుంటాను.