గీత ఆగిపోయిన చోటు

2004 నవంబరు, మంగళవారం

పటమట రోడ్డు మీద సైకిళ్ల కోసం తెల్ల గీత వేయించడం నిన్నటితో పూర్తయింది. ప్లాను గీసింది నేనే కనుక, పొద్దున్నే వెళ్లి ఈరోజు గర్వంగా చూసుకుంటూ నిలబడ్డాను. చేపలమ్ముకునే ఒక పెద్దాయన సైకిలు దిగి పలకరించాడు.

"ఇంజినీరమ్మగారు మీరేనాండీ? గీత బాగుందండీ. కానీ ఆటోనగర్ మలుపు కాడ ఆపేశారేంటండీ? మాకు భయమేసేది అక్కడేనండీ."

"అక్కడ రోడ్డు ఇరుకు బాబాయ్, చోటు చాల్లేదు."

"లారీలు ఆపుకోడానికి చాలిందిగా అమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

చేపల బుట్ట దింపించి, ఆయన సైకిలే అడిగి తీసుకుని మలుపు దాకా తొక్కాను. కాలేజీ తర్వాత ఇదే తొక్కడం. గీత ఉన్నంత దూరం హాయిగానే ఉంది. అది ఆగిన చోట ఆపి ఉన్న లారీలను తప్పించబోయి రోడ్డు మధ్యకు వెళ్లాను. వెనకే ఇంకో లారీ హారన్ మోగింది. ఎలా దిగానో తెలియదు.

ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మేం ఇక్కడ దిగి నడిపించుకుంటాం తల్లీ. నీకు ముందే చెప్పాల్సింది."

మలుపులో లారీలు ఆపనివ్వకపోతే గీతకు చోటు సరిపోతుందని సాయంత్రం మా పెద్ద ఇంజినీరుగారికి చెప్పాను.

"లారీలవాళ్లు ఊరుకోరమ్మా," అన్నారు. మళ్లీ ఆయనే, "సరే, రాసి పట్రా. సంతకం పెడతాను."

ఇప్పుడే ఆ కాగితం రాయడం ముగించాను. నిజంగానే వాళ్లు ఊరుకోరు. నేను ఎంతవరకు నిలబడగలనో... కానీ ఆ హారన్ ఇంకా చెవుల్లోనే ఉంది.